ఇంటిచదువు: బిడ్డ మాట వినేదెవరు?

ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో, జొహన్నెస్‌బర్గ్ నగరంలో, ఒక భారతీయ న్యాయవాది తన కుమారులను వెంటబెట్టుకుని ఇంటినుంచి కార్యాలయానికి నడిచి వెళుతూండేవారు. పోనూ రానూ కలిపి సుమారు అయిదు మైళ్లు. ఆ పిల్లలకు ఆ నడకే బడి. దారి పొడవునా తండ్రి మాటలలోనే వారికి పాఠాలు చెప్పేవారు. మధ్యలో ఎవరైనా తోడై ఆయనను వేరే సంభాషణలోకి దించితే ఆనాటికి పాఠం అంతటితో సరి. ఆ న్యాయవాది మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

1897 జనవరిలో గాంధీజీ డర్బన్ రేవులో దిగినప్పుడు ఆయన వెంట ముగ్గురు బాలురున్నారు: పదేళ్ల మేనల్లుడు, తొమ్మిదేళ్లూ అయిదేళ్లూ వయసు గల కుమారులిద్దరు. తెల్లవారి పిల్లలు చదివే పాఠశాలలో, ప్రత్యేకానుగ్రహంగా, వారికి ప్రవేశం దొరికి ఉండేదే. తక్కిన భారతీయుల బిడ్డలకు లేని అనుగ్రహం తన బిడ్డలకు అక్కరలేదని ఆయన నిరాకరించారు. మిషన్ పాఠశాలలలోని బోధన ఆయనకు నచ్చలేదు. నెలకు 7 పౌన్ల జీతంపై ఒక ఆంగ్లేయ ఉపాధ్యాయినిని ఇంటికి నియమించారు. అదీ తృప్తినివ్వలేదు. చివరకు తానే గురువయ్యారు.

ఫలితాన్ని గురించి ‘సత్యశోధన’లో ఆయనే దాపరికం లేకుండా రాసుకున్నారు. రోజుకు ఒక్క గంట అయినా నియమంగా కేటాయించగలిగి ఉంటే పిల్లలకు ఆదర్శవిద్య లభించి ఉండేదనీ, అది తనవల్ల కాలేదనీ ఒప్పుకున్నారు. ఆనాటి పాఠశాలలు నేర్పలేని స్వేచ్ఛనూ ఆత్మగౌరవాన్నీ వారు నేర్చుకున్నారన్న తృప్తి ఆయనకు మిగిలింది. అక్షరవిద్య కొరవడిందన్న బాధ కుమారులకు మిగిలింది. తక్కినవారు క్షమించారు. పెద్దకుమారుడు హరిలాల్ మాత్రం తన ఆవేదనను తండ్రి ఎదుట వెళ్లబోసుకున్నాడు, పత్రికలకు కూడా ఎక్కించాడు. 1911లో, అప్పటికే గృహస్థుడై ఉండి కూడా, చదువుకోవాలన్న పట్టుదలతో తండ్రిని విడిచి స్వదేశానికి తిరిగి వచ్చాడు.

ఆ తండ్రి ప్రేమను శంకించగలవారు లేరు. ఆయన ఆశయం సామాన్యమైనది కాదు. అయినా, తన చదువును గురించిన నిర్ణయంలో తన మాటకు చోటేదన్న బిడ్డ ప్రశ్నకు ఆ ఇంట్లో తృప్తికరమైన సమాధానం దొరకలేదు. గాంధీజీ వంటి తండ్రి ఇంట్లోనే ఈ ప్రశ్న పుట్టగలిగినప్పుడు, తక్కిన ఇళ్ల మాట ఏమిటి? పిల్లలను బడికి పంపక ఇంట్లోనే చదివించే హక్కు తల్లిదండ్రులకు ఎంతవరకు ఉన్నది, ప్రభుత్వం దానిని ఎంతవరకు నియంత్రించవచ్చు అన్న విషయంపై నేడు అనేక దేశాలలో సాగుతున్న వివాదానికి మూలం ఇదే.

బడి ఎందుకు నిర్బంధమయింది?

ఒకప్పుడు చదువు ఇంటి వ్యవహారమే. కమ్మరి కొడుకు కొలిమి దగ్గర, పండితుని కొడుకు తాటాకుల దగ్గర విద్య నేర్చేవారు. కలవారి బిడ్డలకు గురువులు ఇంటికే వచ్చేవారు. రవీంద్రనాథ్ ఠాకూర్ బాల్యంలో అధికభాగం అలాగే చదువుకున్నారు. లేనివారి బిడ్డలకు బడీ లేదు, గురువూ లేడు.

పిల్లలను తప్పనిసరిగా బడికి పంపాలన్న శాసనాలు ఈ వ్యత్యాసాన్ని తొలగించడానికి పుట్టాయి. ప్రష్యాలో 1763లోనే అటువంటి ఆజ్ఞ వెలువడింది. అమెరికాలో 1852లో మసాచుసెట్స్ మొదలుపెట్టగా, 1918లో మిసిసిపీతో అన్ని రాష్ట్రాలూ ఆ దారికి వచ్చాయి. మన దేశంలో బరోడా సంస్థానాధీశుడు సాయాజీరావు గాయక్వాడ్ 1893లో అమ్రేలీ తాలూకాలో నిర్బంధ విద్యను ప్రవేశపెట్టి, 1906లో సంస్థానమంతటికీ విస్తరింపజేశారు. గోపాలకృష్ణ గోఖలే 1911లో బ్రిటిష్ ఇండియా శాసనమండలిలో అదే ఉద్దేశంతో బిల్లు ప్రతిపాదించారు. మరుసటి సంవత్సరం అది 13 అనుకూల, 38 ప్రతికూల ఓట్లతో వీగిపోయింది. దాదాపు నూరేళ్లు గడిచాకగాని ఆ కల చట్టం కాలేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

నిర్బంధం అన్న మాట చెవికి కటువుగా ఉండవచ్చు. అది ఎవరిని నిర్బంధించడానికి పుట్టిందో తెలియాలంటే రంగారెడ్డి జిల్లా పల్లెలను తలుచుకోవాలి. 1991 నుంచి అక్కడ ఆచార్య శాంతా సిన్హా నాయకత్వాన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పనిచేసింది. పశువుల వెంట, పత్తి చేలలో, జీతగాళ్లుగా బాల్యం గడుపుతున్న పిల్లలను శిబిరాలకు చేర్చి, తగినంత చదువు చెప్పి, వయసుకు తగిన తరగతులలో చేర్పించింది. బడిలో లేని ప్రతి బిడ్డా ఏదో ఒక రూపంలో బాలకార్మికుడే అన్నది ఆ ఉద్యమ సూత్రం. పేద తల్లిదండ్రులకు పిల్లల చదువుపై ఆసక్తి లేదన్న అపప్రథ తప్పని ఆ అనుభవం నిరూపించింది. ఆ కృషికే 2003లో శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలు అయ్యారు.

మళ్లీ ఇంటివైపు

పేదల బిడ్డలను బడిలోకి తెచ్చే ప్రయత్నం మన దేశంలో ఇలా సాగుతూండగా, అమెరికాలో చదువుకున్న మధ్యతరగతి కుటుంబాలలో కొందరు బడి వదలి ఇంటిదారి పట్టారు. జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు పిల్లలు బడిలో ఎందుకు విఫలులవుతున్నారో విశ్లేషిస్తూ 1964లో ఒక గ్రంథం ప్రకటించాడు. బడులను సంస్కరించడం అసాధ్యమని క్రమంగా నిశ్చయించుకుని, 1977లో బడి లేని చదువు కోసమే ఒక పత్రిక స్థాపించాడు. మతవిశ్వాసాల రీత్యా ప్రభుత్వ పాఠశాలలను ఇష్టపడని కుటుంబాలు కూడా ఈ ఉద్యమంలో పెద్దసంఖ్యలో చేరాయి. 1993 నాటికి 50 రాష్ట్రాలలోనూ ఇంటిచదువు చట్టసమ్మతమయింది. 1999లో సుమారు 8 లక్షల 50 వేల మంది పిల్లలు ఇంట్లో చదువుతుండగా, 2012 నాటికి ఆ సంఖ్య 18 లక్షలకు చేరువయింది. 2020లో కరోనా బడులను మూయించినప్పుడు ఇంకా ఎందరో ఈ మార్గాన్ని పరీక్షించి చూశారు.

ఈ తల్లిదండ్రులందరూ ఒక్క కోవకు చెందినవారు కారు. తోటివారి వేధింపులకు బెదిరిపోయిన బిడ్డ, వైకల్యం వల్ల తరగతి గదిలో ఇమడలేని బిడ్డ, మార్కుల ఒత్తిడికి నలిగిపోయిన బిడ్డ ఇంటి నీడన తేరుకుని వికసించిన సందర్భాలు అనేకం. అమ్మ ఒడిలో అక్షరం నేర్చుకోవడం నేరమని ఎవరూ అనలేరు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, తలుపు మూసిన ఇంట్లో చదువు సాగుతున్నదో లేదో, బిడ్డ క్షేమంగా ఉన్నదో లేదో బయటివారికి తెలియకపోవడంలో.

న్యాయస్థానంలో ఒక విభిన్న స్వరం

ఈ చిక్కును అమెరికా సుప్రీంకోర్టు మూడు దశలలో ఎదుర్కొన్నది. 1925లో, బిడ్డ రాజ్యం చేతిలోని వస్తువు కాదనీ, ఏ బడికి పంపాలో ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదనీ తీర్పు చెప్పింది. 1944లో దానికొక హద్దు గీసింది. తమ విశ్వాసం కోసం తాము ఆత్మాహుతి చేసుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉండవచ్చుగాని, బిడ్డలను ఆహుతి చేసే స్వేచ్ఛ లేదన్నది.

మూడవది 1972 నాటి విస్కాన్సిన్ వ్యాజ్యం. యంత్రయుగానికి దూరంగా వ్యవసాయమే జీవితంగా బతికే ఆమిష్ మతస్థులు ముగ్గురు, ఎనిమిదో తరగతి ముగిసిన తమ పిల్లలను ఉన్నత పాఠశాలకు పంపలేదు. పదహారో ఏడు వచ్చేవరకు బడి తప్పనిసరి అన్నది ఆ రాష్ట్ర చట్టం. కింది న్యాయస్థానం ఒక్కొక్కరికి 5 డాలర్ల జరిమానా విధించింది. సుప్రీంకోర్టు తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ సమాజపు సుదీర్ఘ చరిత్రను, స్వయంపోషకత్వాన్ని పరిగణించి ఇచ్చిన మినహాయింపు అది.

న్యాయమూర్తి విలియం డగ్లస్ మాత్రం ఒక విషయంలో విభేదించారు. తండ్రుల విశ్వాసాన్ని గురించి ఇంతగా చర్చించాము, పిల్లల అభిప్రాయం ఏమిటి అని ఆయన అడిగారు. ముగ్గురు పిల్లలలో న్యాయస్థానంలో సాక్ష్యమిచ్చినది ఒక్క బాలిక. తక్కిన ఇద్దరినీ ఎవరూ విచారించలేదు. ఆ పిల్లలలో ఎవరికైనా సంగీతకారులు కావాలని, వ్యోమగాములు కావాలని ఉండవచ్చు గదా. అందుకు దారి మూసివేసే ముందు వారిని ఒక్కమాట అడగవద్దా అన్నది ఆయన వాదన. ఆనాడు అది ఒంటరి స్వరం. పదిహేడేళ్ల తరవాత, 1989లో, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక తన 12వ అధికరణంలో ఆ భావాన్నే అంతర్జాతీయ సూత్రంగా చేసింది. తనకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు, వయసునూ పరిపక్వతనూ అనుసరించి ఆ అభిప్రాయానికి విలువ పొందే హక్కు ప్రతి బిడ్డకూ ఉన్నాయి. భారతదేశం 1992 డిసెంబరులో ఆ ఒడంబడికను అంగీకరించింది. అమెరికా మాత్రం నేటికీ ఆమోదించలేదు.

కిటికీ దాటిన బాలిక

2018 జనవరి 14న, కాలిఫోర్నియాలోని పెరిస్ పట్టణంలో, పదిహేడేళ్ల బాలిక ఒకతె తెల్లవారుజామున కిటికీలోనుంచి బయటపడి, ఒక పాత సెల్‌ఫోన్‌తో పోలీసులకు కబురు చేసింది. వారు వచ్చి చూస్తే ఆ ఇంట్లో రెండేళ్లనుంచి 29 ఏళ్ల వరకు వయసు గల 13 మంది తోబుట్టువులు ఉన్నారు. కొందరు మంచాలకు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. అందరిలో పెద్దదైన యువతి బరువు 37 కిలోలు. పోలీసు అంటే ఎవరో కూడా కొందరికి తెలియదని ప్రాసిక్యూటరు తరవాత ప్రకటించాడు.

ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆ ఇల్లు ఒక ప్రైవేటు పాఠశాల. తండ్రి దానికి ప్రధానోపాధ్యాయుడు. ఏటా ఒక పత్రం దాఖలు చేస్తే చాలు, అక్కడ చదువు జరుగుతున్నదా అని చూడడానికి ఎవరూ రానక్కరలేదు. 2019లో తల్లిదండ్రులిద్దరికీ 25 ఏళ్లనుంచి యావజ్జీవం వరకు శిక్షపడింది. ఇంటిచదువుల వివరాలు సేకరించాలన్న ఒక బిల్లు 2018 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర శాసనసభా సంఘం ముందుకు వచ్చింది. వందలాది తల్లిదండ్రులు బారులు తీరి వచ్చి తమ అభ్యంతరం చెప్పారు. చివరకు దానిని ముందుకు నడపడానికి సంఘంలో ఒక్క సభ్యుడూ పూనుకోలేదు.

ఆ తల్లిదండ్రుల ఆవేదనలో న్యాయం లేకపోలేదు. ఎవరో ఒక దుర్మార్గుడు చేసిన పాపానికి తమ ఇళ్లను అనుమానించడం ఏమిటని వారు అడిగారు. బడికి వెళ్లే పిల్లలపై అత్యాచారాలు జరగడం లేదా అనీ అడిగారు. జరుగుతున్నాయి. భేదం ఒక్కటే. బడికి వెళ్లే బిడ్డ ఒంటిమీది గాయాన్ని, ముఖంలోని భయాన్ని గమనించే పరాయి కన్ను ఒకటి ఉంటుంది. అమెరికాలో బాలలపై హింసను గురించి అధికారులకు అందే ఫిర్యాదులలో, కరోనాకు ముందు సంవత్సరాలలో, అయిదింట ఒక వంతు విద్యారంగంలో పనిచేసేవారినుంచే వచ్చేవి.

కనెటికట్ రాష్ట్రంలో బాలల హక్కుల అధికారి కార్యాలయం 2018లో ఒక పరిశీలన ప్రకటించింది. ఆరు విద్యామండలాలలో మూడేళ్ల కాలంలో ఇంటిచదువు పేర బడి మాన్పించిన పిల్లలలో 36 శాతం మంది కుటుంబాలపై అంతకు ముందే బాలసంక్షేమ శాఖకు ఒక్క ఫిర్యాదైనా అంది ఉన్నది. ఈ అంకెను రెండువైపులనుంచీ చదవాలి. తక్కిన 64 శాతం మందిపై ఏ ఫిర్యాదూ లేదు. ఎక్కువమంది తల్లిదండ్రులు నిర్దోషులు. అయినా, దాచదలచినవారికి ఆ తలుపు ఎంత అనువుగా ఉన్నదో కూడా ఆ అంకె చెబుతున్నది.

దేశానికొక తీరు

ఈ సమస్యకు ఒక్కొక్క దేశం ఒక్కొక్క పరిష్కారం ఎంచుకున్నది. జర్మనీలో ఇంటిచదువు దాదాపు పూర్తిగా నిషిద్ధం. అన్ని మతాల, అన్ని వర్గాల బిడ్డలూ ఒకే బెంచీపై కూర్చుని కలిసి బతకడం నేర్చుకోవాలన్నది అక్కడి భావన. 2013 ఆగస్టులో డార్మ్‌స్టాట్ సమీపాన ఒక కుటుంబంనుంచి నలుగురు పిల్లలను అధికారులు తీసుకువెళ్లి, మూడు వారాలకు తిరిగి అప్పగించారు. 2019 జనవరిలో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం ఆ చర్యలో హక్కుల ఉల్లంఘన లేదని తీర్పు ఇచ్చింది. స్వీడన్ 2011 నుంచి అసాధారణ పరిస్థితులలో మాత్రమే అనుమతిస్తున్నది. ఫ్రాన్స్‌లో పూర్వం తెలియజేస్తే సరిపోయేది; 2021 చట్టం వచ్చాక అనుమతి పొందవలసి వస్తున్నది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఏటా బోధనప్రణాళిక, మూడు నెలలకొక నివేదిక, సంవత్సరాంతంలో మదింపు ఉంటాయి. టెక్సస్‌లో పేరు నమోదు చేయించుకోవలసిన పని కూడా లేదు.

ఇంగ్లాండ్ 1944 నాటి చట్టంలోనే, బిడ్డకు చదువు బడిలోగాని మరొక విధంగా గాని చెప్పించవచ్చునని రాసుకున్నది. నమోదు చేయించాలన్న ప్రయత్నం 2009లో మొదలై, 2010 ఎన్నికల ముందు ఆగిపోయింది. 2023 వేసవిలో, వోకింగ్ పట్టణంలో, ఇంటిచదువు పేర బడి మాన్పించిన కొద్దినెలలకే ఒక పదేళ్ల బాలిక హత్యకు గురయింది. తండ్రి, సవతి తల్లి హంతకులని 2024 డిసెంబరులో తేలింది. అదే నెలలో ప్రభుత్వం, బడికి వెళ్లని పిల్లల పేర్లకు ఒక రిజిస్టరు ఉండాలనీ, రక్షణ విచారణలో ఉన్న బిడ్డను బడి మాన్పించాలంటే స్థానికాధికారుల అనుమతి ఉండాలనీ పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టింది. ఎక్కడైనా ఇటువంటి రిజిస్టరు ఒక బిడ్డ మరణం తరవాతనే గుర్తుకు రావడం విషాదకరం.

మన ఇంటి సంగతి

మన విద్యాహక్కు చట్టం ఆరునుంచి పద్నాలుగేళ్ల వయసు గల ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. బిడ్డను సమీపంలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ విభాగం చెబుతున్నది. ఆ విధి తప్పిన తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష లేదు. 2012లో చేసిన సవరణ తీవ్రమైన, బహుళమైన వైకల్యాలు గల బిడ్డలు ఇంటివద్దనే విద్య పొందడాన్ని ఎంచుకోవచ్చునన్నది. తక్కిన ఇంటిచదువును గురించి చట్టం నోరు విప్పలేదు. అనుమతించనూ లేదు, పేరుపెట్టి నిషేధించనూ లేదు.

ఆ మౌనంలో ఎన్నో కుటుంబాలు పిల్లలను ఇంట్లో చదివించుకుంటున్నాయి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలలోనూ, పద్నాలుగేళ్లు నిండినవారికి పదో తరగతి స్థాయిలోనూ పరీక్షలు నిర్వహిస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. కనుక ఇంట్లో చదివిన బిడ్డకు ముందుదారి పూర్తిగా మూసుకుపోలేదు.

ప్రమాదం మరొకచోట ఉన్నది. నగరంలోని ఒక ఇంట్లో పుస్తకాల నడుమ కూర్చున్న బిడ్డ, ఊళ్లో మరొక ఇంట్లో తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టే బిడ్డ, ఇద్దరూ కాగితం మీద ఒక్కటే: బడిలో లేని పిల్లలు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు వారి చేత పని చేయించడాన్ని నిషేధిస్తూనే, బడివేళల తరవాత, సెలవులలో, కుటుంబానికీ కుటుంబ వృత్తికీ సాయపడడాన్ని మినహాయించారు. బిడ్డ బడికే వెళ్లకపోతే బడివేళ ఏది, పనివేళ ఏది? ఇంటిచదువుకు ఏ నియమమూ అక్కరలేదంటే, మొదటి ఇంటి స్వేచ్ఛ రెండవ ఇంట్లో గొలుసు అవుతుంది. ఇంటిచదువు తప్పనిసరిగా నేరమే అంటే, బడిలో ఇమడలేని బిడ్డకు నిలువ నీడ లేకుండా పోతుంది.

ఈ రెంటి మధ్య దారి ఉన్నది; అది కష్టమైనదీ కాదు. ఇంట్లో చదివే బిడ్డ పేరు స్థానిక విద్యాధికారి రిజిస్టరులో ఉండాలి. సంవత్సరానికి ఒకటిరెండుసార్లు, ఇంటికి చెందని ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినో ఆ బిడ్డను స్వయంగా చూడాలి. మార్కులకోసం గాక, చదువు ముందుకు సాగుతున్నదో లేదో, బిడ్డ కులాసాగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి చూడాలి. కావాలనుకున్నప్పుడు బిడ్డ మళ్లీ బడిలో చేరగలగాలి. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 4వ విభాగం ఇప్పటికే ఆదేశిస్తున్నది. అన్నిటికన్నా ముఖ్యంగా, తల్లిదండ్రులు ఎదుట లేని సమయంలో, నీకు ఎలా ఉన్నదని బిడ్డను అడగాలి.

ఇందులో పోలీసుకు పని లేదు. మంచి తల్లిదండ్రులకు ఇది భారమూ కాదు. బిడ్డకు టీకాలు వేయించినప్పుడు కార్డు రాయించుకోవడాన్ని ఎవరూ అవమానంగా భావించరు గదా. పరిశీలించే ప్రభుత్వానికి కూడా ఒక బాధ్యత ఉన్నది. బెత్తం, వేధింపు, పరీక్షల భయం బిడ్డలను బడినుంచి తరిమివేస్తున్నచోట, ఇళ్లను చూసే కన్నుతోనే ప్రభుత్వం తన బడులను కూడా చూసుకోవాలి. శారీరక దండనను విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఆ నిషేధం తరగతి గదిలో నిజమైతే ఇంటిదారి పట్టే బిడ్డలు కొందరైనా తగ్గుతారు.

జొహన్నెస్‌బర్గ్ బాటలో నడుస్తూ పాఠాలు నేర్చిన పిల్లలు తండ్రినుంచి చాలానే పొందారు. వారి తండ్రి తన లోపాన్ని లోకానికి చెప్పుకోగలిగిన నిజాయితీపరుడు. అంతటి తండ్రి ప్రతి ఇంట్లోనూ ఉండడు. ఉన్న ఇంట్లో కూడా, దినానికి అయిదు మైళ్లు తండ్రి వెంట నడిచే బిడ్డ మనసులో ఏమున్నదో అడిగి తెలుసుకునే మరొక మనిషి ఉండడం మంచిది. హరిలాల్ మాట పత్రికలకెక్కే నాటికి అతడు పెద్దవాడయ్యాడు. చదువు చెప్పవలసిన వయసు దాటిపోయాక వినబడే మాటను, ఆ వయసులోనే వినగలిగే ఏర్పాటు చేయడమే ఈ విషయంలో చట్టం చేయదగిన పని.